ఈడ లేని మనిషి

మంగళవారం పొద్దున పదకొండు దాటాక యమున కూరగాయల సంచితో దుకాణానికి వచ్చేసరికి షట్టర్ తెరిచే ఉంది, లోపల మనిషి లేడు. బల్ల మీద సగం చుట్టిన కాయిల్ అలాగే ఉంది. రాగి తీగ కొస నేల మీదికి జారి గడప దాటి బయటిదాకా పాకింది. ఎంత తొందర పని పడ్డా తీగ కొస ముడి వేయకుండా లేచే మనిషి కాదు బాలరాజ్.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద మొగుడూ పెళ్లాలిద్దరూ పద్నాలుగేళ్లుగా నడుపుతున్న మోటర్ వైండింగ్ దుకాణం అది. చుట్టుపక్కల పొలాల బోరు మోటర్లు కాలినా, శేరిగూడ కాలేజీ హాస్టళ్ల మోటర్లు కాలినా అక్కడికే వస్తాయి. బాలరాజ్ మోటర్ విప్పి పాత తీగ లాగేస్తాడు, యమున కొత్త తీగ చుడుతుంది. దుకాణం పెట్టిన కొత్తలో పక్కన కూర్చుని చూసి నేర్చుకున్న పని. ఇప్పుడు ఆమె చేతి చుట్టే బిగువని రైతులు అంటారు, బాలరాజ్ కూడా ఒప్పుకుంటాడు.

ఆమె తీగ కొస పట్టుకుని నిలబడి ఉండగానే ఎదురు హార్డ్‌వేర్ దుకాణం పరమేష్ రోడ్డు దాటి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా, అన్నను తీస్కపోయిండ్రు."

"ఎవలు?"

"ముగ్గురొచ్చిండ్రు. తెల్లకారు, నంబర్ లేదు. మఫ్టీల ఉన్నరు గాని పోలీసోళ్లే. ఒకని నడుముకు పిస్తోలుంది. అన్న చేతుల తీగె ఉండంగనే రెక్కవట్టి గుంజిండ్రు. చెప్పులు గూడ ఏస్కోనియ్యలే."

యమున కిందికి చూసింది. స్టూలు కింద చెప్పులు జతగా ఉన్నాయి. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. మళ్లీ చేసింది, అదే మాట. ఎవరినో అనుకుని ఈయనను పట్టుకుపోయి ఉంటారు, గంటలో తెలుసుకుని వదిలేస్తారు అనుకుంది. ఆ గంట గడిచింది. అప్పుడు ఆమెకు గోలీలు గుర్తొచ్చాయి.

బాలరాజుకు ఇరవై రెండో ఏట నుంచి ఫిట్స్ ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గోలీ వేసుకుంటే ఏడాదికి ఒకసారి కూడా రాదు. ఒక్క పూట తప్పితే ఒళ్లు బిగుసుకుని పడిపోతాడు.

షట్టర్ దించి, ఊళ్లో ఉన్న స్టేషన్‌కు పరుగెత్తింది. తాము ఎవరినీ తీసుకురాలేదని అక్కడ చెప్పారు, అది నిజమే. ఒక కానిస్టేబుల్ జాలిపడి ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు. జయపాల్ ఇంట్లో నగలు పోయిన కేసు, అది వేరే ఠాణా పరిధి, అక్కడ అడుగు అన్నాడు. ఆ ఠాణా ఇరవై నిమిషాల ఆటో దూరం. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు.

జయపాల్ అన్న పేరు వినగానే యమునకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇరవై ఎకరాల రైతు. ఆయన తండ్రి కాలం నుంచి ఆ పొలం మోటర్లన్నీ చూసేది బాలరాజే. పోయిన వారం ఇంటి బోరు స్టార్టర్ చెడిపోతే పోయి బాగుచేసి వచ్చాడు. ఆయన ఒక్క మాట చెబితే వదిలేస్తారనుకుని ముందు ఆ ఇంటికే వెళ్లింది.

జయపాల్ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"పటేలా, మా ఆయన దొంగనా?"

"నేను దొంగ అన్లే యమునా. పోయిన వారం ఇంట్లకొచ్చిన పనోళ్ల పేర్లు చెప్పమన్నరు, చెప్పిన. పెయింటర్ పేరు చెప్పిన, పాలాయన పేరు చెప్పిన, బాలరాజ్ పేరు గూడ చెప్పిన."

"మరి పాలాయన పాలు పోసుకుంటనే ఉన్నడు గద. మా ఆయననే ఎందుకు తీస్కపోయిండ్రు?"

"గది నాకేం ఎర్క? రెండు దినాలు అడిగి ఇడిసిపెడ్తరు. ఏం చెయ్యనోనికి భయమెందుకు?"

"ఆయనకు ఫిట్స్ ఉంది పటేలా. నీ పొలంల ఒకసారి పడితె నువ్వే గద నీళ్లు కొట్టి లేపినవ్. గోలీ లేకుంటే సస్తడు. జర ఫోన్ చేసి గదొక్కటి చెప్పు."

జయపాల్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, కాసేపు దాన్ని చూశాడు, మళ్లీ బల్ల మీద పెట్టాడు. "చెప్త," అన్నాడు. "రేపు పొద్దుగాల చెప్త. నువ్వు ఇంటికి పో."

ఆయన చెప్పాడో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

కూతురు మౌనిక పాలిటెక్నిక్ రెండో ఏడు. విషయం తెలిసిన దగ్గర్నుంచి ఏడుపు ఆపడం లేదు. బుధవారం తెల్లవారగానే ఆ పిల్లను మీర్‌పేట్‌లో ఉన్న అక్క ఇంటికి పంపేసి, గోలీల పొట్లం కొంగున ముడేసుకుని యమున ఆ ఠాణాకు వెళ్లింది.

ఇన్‌స్పెక్టర్ గది తలుపు మూసి ఉంది. ఎస్సై బయట టీ తాగుతున్నాడు. "బాలరాజా? ఏ బాలరాజ్? ఈడ గసొంటోడు ఎవడు లేడు," అన్నాడు.

"సార్, నిన్న దుకాణంల కెళ్లి తీస్కొచ్చిండ్రు. ఎదురు దుకాణపాయన చూసిండు."

"చూసినోని పేరు చెప్పు."

యమున చెప్పబోయి ఆగింది. "సార్, కొట్టకుండ్రి సార్. గోలీలన్న ఇచ్చి పోత."

"లేనోనికి గోలీలెందుకు?" ఎస్సై నవ్వాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు.

ఆమె ఆవరణలో ఎండలో, తుప్పుపట్టిన మోటర్ సైకిళ్ల పక్కన నేల మీద కూర్చుంది. వెళ్లిపొమ్మని రెండుసార్లు అన్నారు, లేవలేదు. గంట తర్వాత తల నెరిసిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన నీళ్ల క్యాను దగ్గరికి వచ్చాడు. చొక్కా మీద పేరు ఉంది, ఎంకయ్య. యమున లేచి పొట్లం ముందుకు చాపింది.

"కాకా, నీ కాళ్లు మొక్కుత. గివి ఫిట్స్ గోలీలు."

"లేడన్నరు గద బిడ్డా. పో." ఆయన అటూ ఇటూ చూశాడు. పొమ్మంటూనే చెయ్యి చాపి పొట్లం తీసుకుని ప్యాంటు జేబులో వేసుకున్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అడిగాడు. "తిన్నంక ఏసుడా, తినకముందా?"

"తిన్నంక కాకా. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి."

ఆయన తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు. గేటు దాటి ఆటో ఎక్కబోతుండగా గానీ యమునకు ఆ మాట తలకెక్కలేదు. లేని మనిషికి గోలీ ఎప్పుడు వేయాలని ఎవరు అడుగుతారు? బాలరాజ్ అక్కడే ఉన్నాడు. తాను కూర్చున్న చోటికి ఎన్ని అడుగుల దూరంలోనో, ఏ గోడ వెనకో ఉన్నాడు. ఆటో రాడ్డు పట్టుకుని అలాగే కిందికి కూర్చుండిపోయింది. "ఏమైందక్కా, దవాఖానకు పోదమా?" అని ఆటోవాడు కంగారుపడ్డాడు.

"కోర్టుకు పో," అంది.

ఇబ్రహీంపట్నం కోర్టు ఆవరణలో పేదవాళ్లకు ఉచితంగా వకీలును పెట్టే చోటు ఉందని ఎవరో చెప్పగా ఆమె విన్నది ఒక్కసారే. అడుగుతూ అడుగుతూ అక్కడికి చేరింది. కరుణ అనే వకీలు బల్ల ముందు కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లుంటాయి. నల్లకోటు మోచేతి దగ్గర వెలిసిపోయింది.

కరుణ మొత్తం విని, గోడ గడియారం వైపు చూసింది. పన్నెండున్నర.

"నిన్న పదకొండుకు అన్నవ్ గదక్కా. అంటే ఇరవై నాలుగ్గంటలు దాటింది. పట్టుకున్న మనిషిని గంతలోపట మేజిస్ట్రేట్ ముంగట నిలబెట్టాలె. ఎందుకు పట్టుకున్నరో ఆయనకు చెప్పాలె, ఇంటోళ్లకు చెప్పాలె, వకీలును కలవనియ్యాలె. ఎవలో దయతోటి చేసేది కాదు గిది. రాజ్యాంగంల రాసుంది."

"మా ఆయన దొంగ కాదు మేడం."

"నేను నమ్ముత. కాని దొంగ అయినా గూడ గంతే అక్కా. గా హక్కు అందరికుంటది."

"రాసుంటే మరి లేడని ఎట్లంటున్నరు?"

కరుణ కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. మనిషిని అక్రమంగా నిర్బంధిస్తే ఆ చోటును సోదా చేయమని మేజిస్ట్రేట్ వారెంటు ఇవ్వవచ్చని, ఒక వకీలును కమిషనర్‌గా పంపవచ్చని, అది ఠాణా అయినా సరే వెతకవచ్చని రాస్తూనే వివరించింది. చివర్లో కలం ఆపి తల ఎత్తింది.

"తీస్కపోంగ చూసిన మనిషి వచ్చి చెప్తడా?"

యమున పరమేష్ దుకాణానికి పరుగెత్తింది. ఆయన కౌంటర్ వెనక నుంచి లేవలేదు. గంట క్రితమే ఇద్దరు వచ్చి సీసీ కెమెరా డబ్బా విప్పుకుని పోయారట. గోడ మీద దాని మేకులు మాత్రం ఉన్నాయి.

"నన్నడగకు వదినా. నాకు ఇద్దరు పిల్లలు. నేనేం చూడలే."

"నిన్న నువ్వే గద పరమేష్ చెప్పినవ్. చెప్పులు గూడ ఏస్కోనియ్యలేదన్నవ్."

"నేను చూడలే వదినా," అన్నాడు పరమేష్. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అయినా ఆ మాటే అన్నాడు.

సాయంత్రం ఐదింటికి ఠాణా సందు చివర టీ బండి దగ్గర ఎంకయ్య ఒక్కడే కనబడ్డాడు. ఆమెను చూడగానే గ్లాసు పెట్టేసి బండి వెనక్కి నడిచాడు. యమున వెంట వెళ్లింది.

"నిన్న మాపటికే ఒకసారి పడ్డడు," అన్నాడు ఎంకయ్య గొంతు తగ్గించి. "నురగలొచ్చినయ్. నాటకం అని ఇంకింత కొట్టిండ్రు. నువ్విచ్చిన గోలీ పగటీలి ఏసిన. కాని కొడుతనే ఉన్నరు బిడ్డా, ఒప్పుకొమ్మని. ఏం చేస్తవో జల్ది చెయ్యి."

యమునకు అరవాలనిపించింది. సందు వైపు చూసి ఆపుకుంది. "గిదే కోర్టుల చెప్తవా కాకా?" అని అడిగింది.

"నాకింక పదకొండు నెలల సర్వీసుంది. నా పేరెత్తకు తల్లీ. ఎత్తితే నా బతుకు ఆగమైతది."

"చెప్ప కాకా. మా పిల్ల మీద ఒట్టు, నీ పేరు చెప్ప."

ఆయన చెప్పిన సంగతి, పేరు మాత్రం ఎత్తకుండా, కరుణకు ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి ఆమె పడుకోలేదు. తెల్లవారి స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, కోర్టు తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చుంది.

పదిన్నరకు పిలిచారు. మేజిస్ట్రేట్ నలభై ఏళ్ల మనిషి, గొంతు మెత్తన. కాగితాలన్నీ చదివాడు.

"విశ్వసనీయ సమాచారం అని రాశారు. ఎవరిచ్చిన సమాచారం?" అని కరుణను అడిగాడు.

"చెప్పినవారికి ప్రమాదం ఉంది సార్."

"అర్థమైంది. కానీ ఒక పోలీస్ స్టేషన్‌ను సోదా చేయమని ఆర్డర్ ఇవ్వాలంటే నా ముందు ఏదో ఒక ఆధారం ఉండాలి కదా." ఆయన యమున వైపు తిరిగాడు. "అమ్మా, మీ ఆయన అక్కడే ఉన్నాడని నీకెలా తెలుసు?"

యమున బోను కర్ర పట్టుకుంది. పేరు చెబితే ఒక ముసలాయన బతుకు పోతుంది, అదీ ఆ గోడల మధ్య కనికరం చూపిన ఒక్క మనిషిది. చెప్పకపోతే ఇంకో పూట గడుస్తుంది. ఆ పూట బాలరాజ్ ఉంటాడో ఉండడో. పిల్ల మీద ఒట్టు పెట్టుకుని ఒక రోజు కూడా కాలేదు. దేవుడా, ఆ ఒట్టు నా మీదనే పడనీ అనుకుంది.

"ఎంకయ్య సార్. ఆ ఠాణాల హెడ్ కానిస్టేబుల్," అంది. "మా ఆయన గోలీలు తీస్కున్నడు సార్. కొడుతున్నరని చెప్పిండు. జల్ది ఏదన్న చెయ్యమన్నడు."

మేజిస్ట్రేట్ రాసుకున్నాడు. తన మాట కాగితం మీద ఇంకుగా మారడం ఆమె నిలబడి చూసింది. పన్నెండింటికి ఆర్డర్ వచ్చింది.

కమిషనర్‌గా తిరుమల్ అనే పెద్ద వకీలును వేశారు. మనిషిని గుర్తుపట్టడానికి యమున, ఆమె తరఫున కరుణ కూడా వెళ్లారు. రెండున్నరకు వాళ్ల కారు ఠాణా ఆవరణలోకి వచ్చింది. ఈసారి ఇన్‌స్పెక్టర్ తలుపు తెరిచే ఉంది.

"చూసుకోండి సార్. మా దగ్గర దాచడానికి ఏముంది?" అన్నాడు. కుర్చీలు వేయించాడు.

లాకప్‌లో ఎవరూ లేరు. రిజిస్టర్లో బాలరాజ్ పేరు లేదు. పైగదులు చూశారు, స్నానాల గది చూశారు. తిరుమల్ ముక్కు మీది కళ్లద్దాలు సర్దుకుని, నిబంధన ప్రకారం ఆర్డర్ చదివి వినిపించాలి అంటూ అందరి ముందూ చదవడం మొదలుపెట్టాడు. యమున చెప్పిన వాంగ్మూలం అందులో మొత్తం ఉంది. ఎంకయ్య పేరు దగ్గరికి వచ్చేసరికి గదిలో కలాల చప్పుడు ఆగింది. అందరి తలలూ మూలన రాసుకుంటున్న ఆయన వైపు తిరిగాయి.

"ఏం ఎంకయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతు పెంచలేదు.

ఎంకయ్య యమునను చూశాడు. ఆమె చూపు దించుకోలేకపోయింది. ఆయన కలం మూత పెట్టి, రిజిస్టర్ మూసి, లేచి నిలబడ్డాడు.

"ఎనకాల జనరేటర్ రూము గూడ చూడుండ్రి సార్," అన్నాడు తిరుమల్‌తో.

"దాని తాళంచెవి కాంట్రాక్టర్ దగ్గరుంది," అని ఇన్‌స్పెక్టర్ అంటూనే ఉన్నాడు. యమున అప్పటికే పరుగెత్తింది. ఠాణా వెనక గోడకు ఆనుకుని రేకుల గది, బయట తాళం. మొగుడి పేరు ఆమె పెళ్లయ్యాక ఏనాడూ నోటితో పలకలేదు. మౌనికోళ్ల బాపు అనే అనేది. ఇప్పుడు రేకు తలుపు మీద రెండు చేతులతో కొడుతూ అరిచింది.

"బాలరాజ్! ఓ బాలరాజ్!"

కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపలి నుంచి రేకు మీద మెల్లగా ఏదో తగిలింది. మళ్లీ తగిలింది. వెనక వచ్చిన తిరుమల్ అది విన్నాడు.

తాళం పగలగొట్టాల్సిన పని పడలేదు. తాళంచెవి దొరికింది.

బాలరాజ్ డీజిల్ మరకల నేల మీద గోడకు ఒరిగి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. ఇందాక రేకుకు తగిలింది తల. అరికాళ్లు ఉబ్బి, నల్లబడి, ఎవరివో పాదాల్లా ఉన్నాయి. నాలుక కొరుక్కున్న చోట పెదవి మీద నెత్తురు ఎండిపోయింది. ఆమెను చూసి ఎవరన్నట్టు కాసేపు చూశాడు. ఆమె దగ్గరికి పోయి ముఖం పట్టుకుంది.

"మౌనిక కాలేజీకి పోయిందా?" అని అడిగాడు.

"పోయింది," అంది యమున. చేతుల కట్లు విప్పసాగింది.

ఆ సాయంత్రం అతన్ని మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టారు. ఆ రోజే మధ్యాహ్నం ఒంటిగంటకు బస్టాండు దగ్గర అరెస్టు చేశామని పోలీసు కాగితంలో ఉంది. మేజిస్ట్రేట్ పక్కన తిరుమల్ ఇచ్చిన నివేదిక కూడా ఉంది. ఆయన రెండూ చదివి బాలరాజును అడిగాడు.

"నిన్ను కొట్టారా?"

ఎస్సై నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. బాలరాజ్ అటు చూడలేదు. అయినా అతని ఒళ్లంతా ఆ మనిషి నిలబడ్డ వైపు నుంచి ముడుచుకుపోయింది.

"లేదు సార్. కింద పడ్డ."

యమున చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ ఒక్క ప్రశ్న కోసం తాను ఒక మనిషి బతుకును తెచ్చి బల్ల మీద పెట్టింది. కరుణ ఆమె చెయ్యి నొక్కి పట్టుకుంది. మేజిస్ట్రేట్ మళ్లీ అడగలేదు. కిందికి వంగి ఆ పాదాలు చూసి, దవాఖానలో చూపించి రిపోర్టు తెప్పించమని రాశాడు.

ఆరు రోజుల తర్వాత బెయిల్ మీద ఇంటికి వచ్చాడు. నగలు దొరకలేదు, కేసు కొట్టేయలేదు. డాక్టరు రిపోర్టు, తిరుమల్ నివేదిక కలిపి పైకి వెళ్లాయి. ఇన్‌స్పెక్టర్‌ను, ఎస్సైని వేరే చోటికి బదిలీ చేశారు. ఆర్డీఓ విచారణ జరుపుతాడని ఉత్తర్వు వచ్చింది. ఠాణా లోపలి మాట బయటికి చెప్పాడని ఎంకయ్యను సస్పెండ్ చేశారు.

ఆ సంగతి కరుణ చెప్పిన రోజే యమున ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. తలుపు తీసింది ఆయన భార్య రేణుకమ్మ. ఎవరో చెప్పకముందే గుర్తుపట్టింది.

"నీ మొగడు ఇంటికొచ్చిండు," అంది. "నా మొగడు గూడ ఇంట్లనే ఉన్నడు, పొద్దుమాపు గోడ చూస్కుంట. ఇంకేం కావాలె నీకు?"

"ఒక్కసారి కాకతోటి మాట్లాడి పోతక్కా. తప్పు ఒప్పుకుంట."

"ఎవలే?" అని లోపలి నుంచి ఎంకయ్య గొంతు వినబడింది.

"ఎవల్లేరు," అని రేణుకమ్మ తలుపు వేసేసింది.

బాలరాజ్ దుకాణానికి వచ్చేవాడు గానీ పని ముట్టేవాడు కాదు. రోడ్డు మీద తెల్లకారు నెమ్మదిస్తే లేచి లోపలికి పోయి మోటర్ల వెనక కూర్చునేవాడు. పరమేష్ వచ్చి పలకరిస్తే తల ఊపేవాడు. యమున ఒక్కతే విప్పుకుని, ఒక్కతే చుట్టుకునేది. జయపాల్ తన మోటరును ఇంకో ఊరికి పంపుకున్నాడు. పాలాయన చెప్పగా తెలిసింది.

విచారణకు పిలుపు వచ్చిన రోజు ఇంట్లో గొడవైంది.

"నేను రాను," అన్నాడు బాలరాజ్. "పోయింది పోయింది. ఇంక గెలకకు."

"నువ్వు ఒక్క మాట చెప్పకుంటే ఆ ముసలాయన అబద్ధమాడినట్టైతది. కొట్టిందే లేదని కోర్టుల అంటివి. మరి ఆయన దేనికి నౌకరి పోగొట్టుకున్నట్టు?"

"నేను చెప్తే మల్లొస్తరు యమునా. నీకెర్క లేదు గా రూముల ఏముంటదో. నీకు హక్కులని కాయితం రాసి చేతికిచ్చిండ్రు. ఆడ నేనొక్కన్నే ఉన్న. నేను ఒర్లితే జనరేటర్ నడిపిచ్చిండ్రు, బయటికి ఇనబడొద్దని."

ఆ సంగతి అతను అంతకుముందు చెప్పలేదు. యమున చేతిలో ఉన్న పళ్లెం కింద పెట్టింది. బుధవారం ఎండలో తాను కూర్చున్నప్పుడు ఠాణా వెనక ఇంజను శబ్దం వచ్చింది. కరెంటు పోయిందేమో అనుకుంది. తర్వాత బాలరాజే లేచి చొక్కా తొడుక్కున్నాడు.

ఆర్డీఓ ఆఫీసు వసారాలో బెంచీ మీద ఆ చివర ఎంకయ్య కూర్చుని ఉన్నాడు, మామూలు బట్టల్లో. గడ్డం పెరిగి పదేళ్లు పెద్దవాడైనట్టు కనిపించాడు. యమున దండం పెట్టింది. ఆయన చూసి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ముందు బాలరాజును లోపలికి పిలిచారు. యమునను కూడా ఉండనిచ్చారు. అధికారి అడుగుతుంటే గుమాస్తా రాశాడు. గది చెప్పాడు, తాడు చెప్పాడు, ఎన్ని రోజులో చెప్పాడు. "కొట్టింది ఎవరు?" అన్నప్పుడు మాత్రం నేల చూశాడు. అధికారి రెండుసార్లు అడిగాడు. "యాదికి లేదు సార్. ఫిట్స్ల ఉన్న," అన్నాడు. సంతకం పెట్టమంటే పేరు సగం గీత కిందికి దిగిపోయింది. తానే చెబుదామనుకుంది యమున. ఆమె చూడలేదు. చూడనిది చెప్పడానికి లేదు.

తర్వాత ఎంకయ్యను పిలిచారు. తలుపు వేశారు. ఇంటికి పోవచ్చని గుమాస్తా చెప్పినా బాలరాజ్ బెంచీ మీదనుంచి లేవలేదు, ఎందుకో యమున అడగలేదు. గంటసేపు అట్లాగే కూర్చున్నారు. లోపలి నుంచి ఒకసారి అధికారి గొంతు పెరిగింది, "నువ్వొక్కడివే చెబుతున్నావు, దెబ్బలు తిన్నవాడు చెప్పడం లేదు," అన్న మాట స్పష్టంగా వినబడింది. ఎంకయ్య ఏమన్నాడో వినబడలేదు.

తలుపు తెరుచుకుంది. ఎంకయ్య బయటికి వచ్చి వాళ్ల ముందు నుంచే వెళ్లాడు. పలకరించలేదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. గేటు దగ్గర స్కూటర్ మూడుసార్లు తన్నితే గానీ స్టార్ట్ కాలేదు.

స్కూటర్ చప్పుడు రోడ్డెక్కి దూరమయ్యేదాకా బాలరాజ్ అటే చూశాడు. తర్వాత లేచాడు. గుమాస్తా ఫైలు కట్టేస్తుండగా వెళ్లి గడప దగ్గర నిలబడ్డాడు.

"సార్, ఇంకొకటి రాస్కోండ్రి," అన్నాడు. "నాకు యాదికుంది."

యమున లేవబోయింది. అతను వెనక్కి చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కడే లోపలికి పోయి తలుపు దగ్గరగా వేశాడు. ఆమె మళ్లీ బెంచీ మీద కూర్చుంది.